అప్పారావు ఊరెళ్లిపోకూడదు: ఫ్రిజ్ పాఠాన్ని నవ్వించే బొమ్మల వీడియోగా ఇంట్లోనే తీయడం

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వైజాగ్‌లో ఒక ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడు చెబుతున్నారు. బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు పెట్టేసరికి వెనక బెంచీ కునుకు తీస్తోంది. అందుకని ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో ఐదు నిమిషాల కామెడీ బొమ్మల వీడియో ఇంట్లోనే తీద్దామనుకుంటున్నారు. బొమ్మలు గీయడం రాదు, పెద్దగా ఖర్చు పెట్టలేరు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే పనవుతుందో చెప్పమన్నారు.

సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెబుతాను, అది చిన్న విషయం. నేను ఇరవై ఏళ్లకు పైగా ఏసీ సర్వీసింగ్‌లో ఉన్నాను. తర్వాత కుర్రాళ్లకి పని నేర్పుతూ, గోపాలపట్నంలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీదే ఇలాంటి వీడియోలు పాతిక దాకా తీశాను. మొదటిది తీసినప్పుడు నేనూ మీలాగే సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెట్టాను. దాని కథ ముందు వినండి. అదీ ఫ్రిజ్ గురించే.

ఆ వీడియోలో ఫ్రిజ్‌లో తిరిగే గ్యాస్‌ని ఒక మనిషిని చేశాను. పేరు అప్పారావు. నెత్తిన గంప, భుజాన తువ్వాలు, ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంపలు మోసేవాళ్లలా ఉంటాడు. ఫ్రిజ్ లోపలున్న వేడిని గంపకెత్తుకుని బయటికి తెచ్చి పారబోస్తాడు. ఇంతవరకు బాగానే ఉంది. చివర్లో నవ్వు రావాలని ఒక సీను కలిపాను. మోసి మోసి అప్పారావు ఎండుచేపలా చిక్కిపోతాడు. "నా వల్ల కాదు బావూ, నానెల్లిపోతన్నాను" అని గంప విసిరేసి, సంచి సర్దుకుని ఊరికి బస్సెక్కేస్తాడు. ఫ్రిజ్ ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి ఇంకో అప్పారావుని లోపలికి తోస్తాడు.

ఒక ట్రైనింగ్ సెంటర్లో చూపించాను. హాలంతా ఈలలు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. వారం తర్వాత అదే కుర్రాళ్లకి ప్రాక్టికల్ పెట్టాం. చల్లబడని ఫ్రిజ్ ముందు ఒకణ్ని నిలబెట్టి ఏం చేస్తావురా అంటే, "గ్యాస్ అయిపోయింది సార్, నింపేద్దాం" అన్నాడు. లీకు వెతకవా అంటే నన్నే వింతగా చూశాడు. "మోసి మోసి అయిపోద్ది కదా సార్, మీ వీడియోలోనే ఉంది."

వాడితే అయిపోవడానికి అది పెట్రోలు కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. మన ట్రేడులో మొదటి రోజు చెప్పే మాట ఇది. నెల రోజులు బోర్డు మీద నేను చెప్పినదాన్ని నా జోకే ఒక్క నిమిషంలో తుడిచేసింది. తప్పు చెప్పిన కుర్రాణ్ని ఏమీ అనలేకపోయాను.

అప్పట్నుంచి స్క్రిప్టులో ప్రతి జోకు దగ్గరా పెన్సిలు ఆపి ఒకటే అడుగుతాను. ఇది కొట్టేస్తే పాఠంలో ఏమన్నా తగ్గుతుందా? తగ్గకపోతే జోకు ఎంత బాగున్నా కొట్టేస్తాను. తగ్గితే, అంటే ఆ జోకే పాఠాన్ని మోస్తుంటే, ఉంచుతాను. నవ్వు యంత్రం లోపల్నుంచి రావాలి గానీ పక్కన నిలబడి చక్కిలిగింతలు పెట్టకూడదు. బొమ్మలూ మాటలూ కలిపి చెప్పే పాఠాల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పేదీ దాదాపు ఇదే. అసలు విషయంతో సంబంధం లేని సరదా ముక్కలు కలిపితే పిల్లలు నేర్చుకునేది తగ్గుతుందని ఆయన తేల్చాడు. ఆయన సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు ముందే చెప్పాడు.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఉంటారు కదా. రామాయణం నడుస్తుండగా మధ్యలో దూరి మోటు హాస్యం చేసి పోతారు, అంతసేపూ కథ ఆగుతుంది. తెల్లవార్లూ సాగే ఆటకి అది కావాలి, జనానికి నిద్రమత్తు వదలాలి. ఐదు నిమిషాల వీడియోలో కథ ఆపే తీరిక మనకెక్కడిది? కేతిగాణ్ని పెట్టుకోండి, కానీ పని మార్చండి. క్లాసులో అందరికీ ఉండి, సిగ్గుపడి ఎవరూ అడగని ప్రశ్న వాడు అడగాలి. నా వీడియోల్లో ఆ పని మామ్మ చేస్తుంది.

మీ ఫ్రిజ్ పాఠానికి మామ్మ సీను ఒకటి చెబుతాను, వాడుకోండి. మే నెల, మన ఊరి ఉక్కపోత. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. మామ్మ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఎదురుగా పీట వేసుకుని, పమిట కొంగు విదిలించుకుని కూర్చుంది. "ఏసీ కొనమంటే మీ తాత ఇన్నాడు కాడు. నాకిదే ఏసీ." ఇప్పుడు కెమెరా ఫ్రిజ్ వెనక్కి పోతుంది. అక్కడ అప్పారావు చెమటలు కక్కుతూ గంప మీద గంప తెచ్చి పారబోస్తున్నాడు, అదే గదిలో. పారబోసిన వేడి పైకి లేచి గది చుట్టూ తిరిగి మామ్మ వీపు దగ్గరికి వచ్చింది. ముందు చల్లన, వెనక సెగ. పైగా గ్యాస్‌ని నొక్కే యంత్రం, అదే కంప్రెసర్, తాగే కరెంటు కూడా చివరికి వేడిగా మారి ఆ గదిలోనే పడుతుంది. అందుకే గంట గడిచేసరికి గది మొదటికన్నా వేడెక్కింది. చివరికి మామ్మ విసనకర్ర తీసి ఫ్రిజ్‌కే విసురుతుంది.

ఇందులో జోకు తీసేయండి చూద్దాం. పాఠం కూడా పోతుంది. ఫ్రిజ్ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని బయటికి మోస్తుందంతే అన్న ఒక్క మాటనే ఆ సీను చెబుతోంది.

తర్వాతిది కంప్రెసర్. పిల్లలందరూ కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కుతుందని రాస్తారు, ఎందుకు నొక్కాలో అడిగితే నేల చూపులు చూస్తారు. అప్పారావు లోపల మైనస్ 20 డిగ్రీల దగ్గర గంప నింపుకున్నాడు. బయట వంటగది 35 డిగ్రీలు. వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికే దిగుతుంది. మరి మైనస్ 20లో ఉన్నవాడి గంపని 35లో ఉన్న గాలి ఎందుకు దింపుకుంటుంది? నేను ఇలా రాశాను:

అప్పారావు: బావూ, ఈ గంప కాస్త దింపుకోండి.
గాలి: నీకన్నా నేనే వేడిగా ఉన్నానయ్యా. నువ్వు దగ్గరికొస్తే నా వేడే నీకంటుకునేలా ఉంది. పో.
మేస్త్రి: ఒరే, ఇల్రా. (పీక పట్టుకుని నొక్కుతాడు.)
అప్పారావు: ఓర్నాయనో! ఏటి మేస్త్రీ, సంపేస్తన్నావు!
మేస్త్రి: నొక్కకపోతే నీ గంప ఎవుడు దించుతాడ్రా? ముప్పై... నలభై... యాభై ఐదు. ఊఁ, ఇప్పుడెల్లు.
గాలి: అబ్బో, ఇప్పుడు నాకన్నా నువ్వే వేడిగా ఉన్నావు. దా, దించు దించు.

ఆ మేస్త్రే కంప్రెసర్. పాత ఫ్రిజ్‌లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ లెక్కలో చెప్పాలంటే, మైనస్ 20 దగ్గర దాని ఒత్తిడి సుమారు 1.3 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), 55 డిగ్రీల దగ్గర సుమారు 15 బార్. అంత నొక్కుడు మరి. కంప్రెసర్ నుంచి బయటపడేటప్పుడు గ్యాస్ ఇంకా వేడిగా ఉంటుందనీ, 55 అన్నది కండెన్సర్లో, అంటే గ్యాస్ వేడి వదిలే గొట్టంలో, అది ద్రవంగా మారే చోటు వేడి అనీ మీకు తెలుసు. వీడియోలో అది దూర్చకండి, తర్వాత బోర్డు మీద చెప్పుకోవచ్చు. చాలా కొత్త ఫ్రిజ్‌లలో కండెన్సర్ గొట్టం పక్క గోడల్లోనే ఉంటుంది. ఫ్రిజ్ పక్కలు కాలిపోతున్నాయని కస్టమర్లు కంగారుగా ఫోన్ చేస్తారు చూశారా, అక్కడ గంపలు దించుతున్న అప్పారావుని ఒక్క సెకను చూపిస్తే చాలు, కుర్రాళ్లకి జన్మలో మర్చిపోని జవాబు దొరుకుతుంది.

నన్ను బాగా ఏడిపించింది క్యాపిలరీ, అంటే కండెన్సర్ దాటాక ద్రవం దూరి పోయే సన్నని గొట్టం. మిల్లీమీటరు కూడా లేని రంధ్రం, రెండు మూడు మీటర్ల పొడవు. మొదట పాతపట్నం సందుల్లో లావాటి మనిషి ఇరుక్కున్నట్టు తీశాను. అందరూ నవ్వారు, మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఇరుక్కుని గింజుకుంటే వేడెక్కాలి గానీ చల్లబడడం ఏంటి నాన్నా?" అంది. నిజమే కదా. సందు కాదు, సందు దాటాక జరిగేదే అసలు సంగతి. అంత ఒత్తిడిలో ద్రవంగా కుదురుగా ఉన్నవాడు ఒక్కసారి ఒత్తిడి బాగా తక్కువున్న చోట పడ్డాడు. ఇక ద్రవంగా ఉండలేడు. కొంత భాగం ఆ క్షణమే మరిగిపోతుంది, మరగడానికి కావాల్సిన వేడిని తన ఒంట్లోంచే లాక్కుంటుంది. అందుకే ఒళ్లంతా జిల్లుమంటుంది.

దీనికి సరిపోయే బొమ్మ ఎక్కడో లేదు, ఆర్కే బీచ్‌లోనే ఉంది. సముద్రంలో మునిగి ఒడ్డుకొచ్చి గాలికి నిలబడితే మే నెలలో కూడా వణుకొస్తుంది కదా. ఒంటి మీది తడి ఆవిరవుతూ మన వేడినే పట్టుకుపోతుంది. ఇప్పుడు అప్పారావు సందులోంచి బయటపడగానే ఒళ్లంతా పొగలు కక్కుతూ, పళ్లు టకటకమంటూ వణుకుతాడు. మామ్మ చూసి, "మరిగిపోతన్నాడ్రా, ముట్టుకోకు, కాలిపోద్ది" అంటుంది. మనవడు, "ముట్టుకుంటే గడ్డకట్టేస్తాం మామ్మా" అంటాడు. ఆర్-134ఏ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 దగ్గరే మరుగుతుంది. ఐస్ ఫ్యాక్టరీల్లో వాడే అమ్మోనియా అయితే మైనస్ 33 దగ్గర. మరగడమంటే కాలడమే అనుకునేవాళ్లకి ఇంతకు మించిన జోకు మన సబ్జెక్టులో లేదు, మనం కల్పించనక్కర్లేదు కూడా.

రెండు జాగ్రత్తలు. గంపలో వేడి అనేది పోలిక మాత్రమే, వేడి అనేది చేపల్లాంటి వస్తువు కాదు. ఆ ముక్క మామ్మ చేతే అనిపించండి, "గంపలో ఏటీ కనబడదేటి?" అని. రెండోది, ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. మండే గ్యాస్. అది ఉన్న గొట్టం దగ్గర అతుకులు వేసే మంట టార్చి వెలిగించి అప్పారావు "భళ్" మని పేలితే నవ్వు వస్తుంది. తీయకండి. నవ్వుతూ చూసిన తప్పుని భయపడకుండా చేసేస్తారు. ప్రమాదం ఉన్నచోట బొమ్మ ఆగిపోవాలి, మీ మామూలు గొంతుతో రెండు వాక్యాలు చెప్పాలి. ఆ నిశ్శబ్దమే గుర్తుండిపోతుంది.

అసలు ఫ్రిజ్‌తో మొదలుపెట్టకండి అని కూడా అంటాను. చేయి తిరగడానికి ఒక్క నిమిషం వీడియో తీయండి. టన్నున్నర ఏసీ అనండి. మెకానిక్ దాన్ని గోడకి బిగిస్తుంటే ఇంటాయన గోడకి భుజం ఆనించి, "టన్నున్నరంటున్నారు, గోడాగుతుందా?" అంటాడు. టన్ను అంటే ఏసీ బరువు కాదు, ఐస్ బరువు. ఒక టన్ను ఐసు, అమెరికా లెక్కలో 907 కిలోలు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని గదిలోంచి లాగే శక్తి. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు కాబట్టి లెక్క వేస్తే సుమారు 3.5 కిలోవాట్లు వస్తుంది. ఇంటాయన గదిలో టన్నున్నర ఐసు గడ్డలు మంచం మీదా, టీవీ మీదా పేర్చుకుని మధ్యలో ముడుచుకుని పడుకున్నట్టు చూపిస్తే అయిపోయింది. కదిలే బొమ్మ ఒక్కటే, ఇంటాయన.

ఇక తీయడం. గొంతు ముందు, బొమ్మ తర్వాత. చాలామంది బొమ్మలు కదిలించేసి చివర్లో మాటలు ఇరికిస్తారు, తలకిందుల పని. సినిమా యానిమేషన్‌లో కూడా చాలావరకు డైలాగు ముందు రికార్డు చేసి దానికి తగ్గట్టు బొమ్మని ఆడిస్తారు. రాసింది గట్టిగా చదివి టైం చూసుకోండి. నేను చదివితే నిమిషానికి నూరు మాటలు వస్తాయి. మీరనుకున్న ఐదు నిమిషాలు మూడుకి తగ్గించండి, అంటే మూడొందల మాటలు. కోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, కోయండి.

మా ఇంట్లో రికార్డింగ్ అంటే చిన్న యుద్ధం. పైన విమానాలు, అందులో నేవీవి కొన్ని. అవతల సింహాచలం స్టేషన్ వైపు రైలు కూతలు. అవి లేని క్షణంలో ఎవరిదో కుక్కర్. అందుకని రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపి, చీరల బీరువా తలుపు తీసి తల లోపలికి పెట్టి చదువుతాం. వేలాడే చీరలు గదిలో ప్రతిధ్వనిని మింగేస్తాయి. డబ్బిచ్చి కొన్న నురగ షీట్లు కూడా మా ఇంట్లో ఇంత బాగా పనిచేయలేదు. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా మైకు మీద గాలి కొడుతుంది. మొదట ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఉండండి. ఆ ఖాళీ శబ్దాన్ని నమూనాగా తీసుకుని ఆడాసిటీ అనే సౌండు సాఫ్ట్‌వేర్ వెనకాల గోలని తగ్గిస్తుంది.

గొంతు మార్చి, ముక్కుతో సాగదీసి కామెడీ చేయకండి. మేస్త్రికి మా ఆవిడ గొంతిచ్చింది. "కూరలో ఉప్పేశావా" అని అడిగినంత మామూలుగా "నొక్కకపోతే నీ గంప ఎవుడు దించుతాడ్రా" అంది. అక్కడ నవ్వినంత ఇంకెక్కడా నవ్వరు. ఇప్పుడు మేస్త్రి మేస్త్రమ్మ అయిపోయింది.

శబ్దాలు కూడా వంటింట్లోనే ఉన్నాయి. మంచు పగలడానికి పచ్చి అప్పడం, మరగడానికి గ్లాసు నీళ్లలో స్ట్రాతో ఊదడం, కంప్రెసర్‌కి నిజం ఫ్రిజ్ మీదే ఫోను పెట్టి రికార్డు చేసుకోవడం. సినిమా పాటలు, డైలాగులు జోలికి పోకండి, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిము పడుతుంది.

బొమ్మలు గీయడం రాదన్నారు. రాకపోవడమే మంచిది. బాగా గీసేవాడు గీతలోనే మునిగిపోతాడు. ఇంట్లో పాత పెళ్లికార్డులు కట్టలు కట్టలు ఉంటాయి కదా, ఆ అట్ట గట్టిది. తల, మొండెం, రెండు చేతులు, రెండు కాళ్లు విడివిడిగా కత్తిరించి, కీళ్ల దగ్గర సూదితో పొడిచి దారం ముడేయండి. మన తోలుబొమ్మల కీళ్లూ దారంతోనే కదా. 1920ల్లో జర్మనీలో లోటే రైనిగర్ అనే ఆవిడ కత్తెరతో కత్తిరించిన నల్ల అట్టబొమ్మలతోనే పూర్తి నిడివి సినిమా తీసింది. మనం మూడు నిమిషాలు తీయలేమా?

టేబుల్ మీద చార్టు పరిచి, రెండు పక్కలా పుస్తకాల దొంతర్లు పెట్టి, పైన గాజు పలక వేసి, దాని మీద ఫోనుని కెమెరా కిందికి చూసేలా ఉంచండి. కెమెరా గాజు అంచు దాటి బయటికి ఉండాలి, లేకపోతే లైటు మెరుపు పడుతుంది. కిటికీలు మూసి రెండు పక్కలా రెండు ఎల్ఈడీ బల్బులు పెట్టండి. పగటి వెలుగులో తీస్తే ఒక మబ్బు అడ్డొచ్చినా వీడియోలో మెరుపుల వాన కురుస్తుంది. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. 400 ఫోటోలు తీశాక మా బావమరిది ఫోన్ చేస్తే వైబ్రేషన్‌కి ఫోను వేలెడు జరిగిపోయింది, అంతా మళ్లీ తీశాను. ఆయనకి ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు. ఫోటో తీయడానికి స్క్రీన్ ముట్టుకోవద్దు, చాలా ఫోన్లలో ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్‌తో తీయొచ్చు. ఇక్కడా ఫ్యాను ఆపాలి, లేకపోతే అప్పారావు ఎగిరిపోతాడు. వైజాగ్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకుంటే చార్టు మీద చెమట చుక్కలు కూడా పాత్రలవుతాయి. నేను డిసెంబర్, జనవరిల్లో తీసుకుంటాను.

లెక్క చూస్తే భయమేస్తుంది. సెకనుకి 12 ఫోటోలు అనుకుంటే మూడు నిమిషాలకి 2,160. అన్ని తీయక్కర్లేదు. మనిషి మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే మారితే చాలు, ఒళ్లు కదలక్కర్లేదు. అ, ఇ, ఉ పలికే నోళ్లు మూడు, మూసిన నోరు ఒకటి కత్తిరించుకోండి. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకోకపోతే కన్ను వెంటనే పట్టేస్తుంది, మిగతావి ఎలా ఉన్నా ఎవరూ గమనించరు. ఇంకా బద్ధకమైతే నేను చేసిన పని చేయండి. అప్పారావుకి ఇంత మీసం పెట్టాను, నోరే కనబడదు, మాట్లాడినప్పుడు మీసం కదులుతుంది. అందరూ అది కామెడీ అనుకున్నారు.

ఇంకో వెసులుబాటు మన సబ్జెక్టే ఇచ్చింది. గ్యాస్ తిరిగేది ఒకటే దారి, మళ్లీ మళ్లీ. అప్పారావు ఒక్క చుట్టు తిరగడానికి 48 ఫోటోలు తీసుకుంటే నాలుగు సెకన్లు వస్తుంది. ఎప్పుడు కావాలన్నా అదే అతికించండి. చివరి ఫోటో మొదటి ఫోటోలో కలిసేలా చూసుకోవాలి, అంతే. ఆ కలపడంలోనే నా పాత తప్పుకి మందు దొరికింది. ఇప్పుడు నా వీడియోలో అప్పారావు బస్సెక్కడు. చుట్టు తిరిగిన ప్రతిసారీ అంతే లావుగా, అదే మీసంతో మళ్లీ వస్తాడు. మామ్మ "ఈడు సిక్కడేటి?" అంటుంది. గొట్టానికి చిల్లు పడ్డ సీనులో మాత్రం చిల్లులోంచి కాలు జారి బయట పడతాడు. మెకానిక్ అప్పారావుని ఎత్తి లోపల పడేయబోతే మేస్త్రమ్మ కర్ర పట్టుకుని, "ముందు చిల్లు మూయరా" అంటుంది.

స్క్రీన్ మీద మీరు చెప్పే వాక్యాలే అక్షరాలుగా వేయకండి, చదవడమా వినడమా తేల్చుకోలేక రెండూ పోతాయి. కంప్రెసర్, కండెన్సర్ లాంటి పేర్లు మాత్రం బొమ్మ పక్కనే వేయండి.

సాఫ్ట్‌వేర్ అడిగారు కదా. ఫోటోలు తీసి వరసగా కదిలించడానికి ఫోనులో స్టాప్ మోషన్ స్టూడియో. గొంతుకి ఆడాసిటీ. రెండూ కలపడానికి కంప్యూటర్లో కెడెన్‌లైవ్. అట్టబొమ్మలు వద్దు, కంప్యూటర్లోనే గీస్తానంటే పెన్సిల్2డీ సులువు, ఓపెన్‌టూన్జ్ బలమైనది గానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఆడాసిటీ నుంచి ఓపెన్‌టూన్జ్ దాకా నాలుగూ ఉచితమే. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా ఉచితమే, కానీ ఇప్పుడు దాని జోలికి పోతే మీ వీడియో వచ్చే బ్యాచ్‌కి కూడా అవదు. పవర్‌పాయింట్‌ని చిన్నచూపు చూడకండి, అందులో బాణాల దారులు కదిలించి ఎంపీ4గా సేవ్ చేసుకోవచ్చు. టన్ను వీడియో నేను దాంతోనే చేశాను. ఏఐతో బొమ్మలు చేయించుకోవచ్చు కదా అంటారేమో. నేను చేయించాను. అందమైన ఫ్రిజ్ వచ్చింది, అందులో క్యాపిలరీ నేరుగా కంప్రెసర్లోకి పోతోంది. మామ్మ ముఖం వేయించుకోండి, గొట్టాలు మాత్రం మీరే గీయండి.

ఖర్చు నాకు అట్ట, జిగురు, రెండు బల్బులు కలిపి ఐదొందలు దాటలేదు.

పూర్తయ్యాక ట్రేడు తెలియని ఒకరికి చూపించండి. "బాగుందా" అని అడగకండి, బాగుందనే అంటారు. వీడియో ఆపేసి, "తలుపు తెరిచి పెడితే గదేమవుతుంది? గ్యాస్ తగ్గితే ఏం చేయాలి?" అని అడగండి. నేను మా అత్తగారిని అడుగుతాను. ఆవిడ తప్పు చెప్పిందంటే తప్పు ఆవిడది కాదు, ఆ సీను మళ్లీ తీస్తాను. క్యాపిలరీ సీను అలా మూడుసార్లు తీశాను.

స్క్రిప్టు మొదటి పేజీ రాశాక ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. రాత్రి పదకొండు తర్వాత జవాబు రాకపోతే ఏమీ అనుకోకండి, బీరువాలో ఉంటాను.